సూరమ్మ గుడ్లబుట్ట

సత్యానందం మాష్టారు బుట్టను నడుమెత్తున పట్టుకుని వదిలేశాడు.

బడిలో పిల్లలంతా కెవ్వుమన్నారు. ఆ బుట్టలో పన్నెండు బాతుగుడ్లున్నాయి. అవి సూరమ్మ తల్లి మరియమ్మవి, మర్నాడు ఏలూరు బజారుకు పోవలసినవి. బుట్ట నేలకు తగిలి, ఓ గెంతు గెంతి, పక్కకు ఒరిగింది. మాష్టారు గొంతుక్కూర్చుని మూత విప్పి, గుడ్లు ఒక్కొక్కటే తీసి వాకిలి వెలుతురుకు పట్టి చూశాడు. పన్నెండోది కూడా చూసి, "ఒక్కటీ చిట్లలేదర్రా! ఒక్కటంటే ఒక్కటి!" అన్నాడు.

పన్నెండూ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. లెక్కపెట్టడూ మరి! పిల్లలకు చేతులతో నేర్పాలి, ఇంట్లో ఓ ఇబ్బంది కనిపెట్టి దానికో ఉపాయం పన్ని, వస్తువు చేసి తెమ్మనాలి అని ట్రైనింగు స్కూల్లో నోట్సుల మీద నోట్సులు నింపుకుని ఈ కొల్లేటి లంకకు వచ్చినవాడు. వచ్చి మూడేళ్ళయినా తుంగలంక మిషను బడిలో చేతిపని గంటకు పిల్లలు బంకమట్టితో మామిడిపళ్ళూ అరటిపళ్ళూ తప్ప మరొకటి చెయ్యలేదు. ఈ ఏడు పట్టుబట్టాడు. ఒకడు గాలికి ఆరిపోకుండా దీపానికి మట్టిగూడు చేశాడు. ఇంకొకడు దోనెలో నీళ్ళు తోడడానికి తాటాకు చేద చేశాడు, అది కారిపోతోంది. సూరమ్మ ఈ గుడ్లబుట్ట తెచ్చింది.

"ఎలా చేశావో అందరికీ చెప్పమ్మా," అన్నాడు.

సూరమ్మ లేచింది. పదేళ్ళ పిల్ల, ఐదో తరగతి. తోమాకూ మరియమ్మకూ ఒక్కగానొక్క కూతురు.

"మా అమ్మ ఏలూరెళ్ళొచ్చినప్పుడల్లా చీరంతా సొనేనండి. గుడ్డూ గుడ్డూ కొట్టుకుంటన్నాయని, ఎవరి గది వాళ్ళకి కట్టేశానండి. అడుగున తుంగ రెండు పొరలల్లి మధ్యన ఊక కూరానండి. దోనె గట్టుకి గుద్దుకున్నా ఏం కాదండి."

"ఎవరి గది వాళ్ళకంట!" అని పిల్లలు నవ్వారు. మాష్టారూ నవ్వాడు. సూరమ్మ కూడా నవ్వేసి, కుడిచేత్తో గదులన్నీ చూపించి కూర్చుంది. కూర్చుంటూ ఎడమచేతిని తొడకిందికి తోసుకుని దానిమీద కూర్చుంది. ఎవరూ చెప్పనక్కర్లేకుండా ఆ చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది.

మాష్టారు అది చూశాడు. చూసి సంతోషించాడు కూడాను. అదీ చెప్పుకోవలసిన సంగతి.

జూలైలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు కోదండరామయ్యగారు వచ్చి, లాగ్ బుక్కులో "ఐదవ తరగతిలో నొక బాలిక ఎడమచేతితో వ్రాయుచున్నది. సరిదిద్దవలెను" అని రాసి వెళ్ళారు. సత్యానందానికి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పాత పంచె అంచు చింపి ఆ పిల్ల ఎడమచెయ్యి నడుముకు కట్టేశాడు. కొట్టలేదు, తిట్టలేదు. కట్టేటప్పుడు "బిగుతుగా ఉందా తల్లీ?" అని అడిగేవాడు. నెల పోయాక కట్టు విప్పి, "ఇహ నువ్వే దానిమీద కూర్చో" అన్నాడు. కుడిచేత్తో ఆ పిల్ల పలక నిండా కోడిగీతలు గీసేది. అయినా అక్టోబరులో ఆ లాగ్ బుక్కులోనే "సరిదిద్దబడినది" అని రాసి, సంతకం పెట్టి, నకలు ఆఫీసుకు పంపాడు. అప్పుడు కూడా సూరమ్మను దగ్గరికి పిలిచి, రాసింది చదివి వినిపించి, వీపు తట్టాడు. మనిషి మంచివాడే. ఇదంతా ఆ మంచితనంతోనే చేశాడు, అదే కదా వచ్చిన చిక్కు.

పిల్లలు వెళ్ళిపోయాక బల్లసొరుగు లాగి మిషను ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం మళ్ళీ చదువుకున్నాడు. నవంబరులో ఎడ్యుకేషన్ వీకు. ఏలూరులో చుట్టుపట్ల బళ్ళ చేతిపనుల ప్రదర్శనం. ఆడపిల్లల్లో మొదటి బహుమతి వచ్చినవాళ్ళకు బాలికల బోర్డింగులో ఉచితంగా సీటు. తుంగలంకలో ఐదో తరగతే ఆఖరు. ఆపైన సూరమ్మకు తుంగ కొయ్యడమూ బాతులు కాయడమూ తప్ప ఇంకోటి లేదు. ఆ సీటు వస్తే ఆ పిల్ల బతుకే వేరు. బుట్ట వంక చూశాడు. దీన్ని మించింది ఎవడు తెస్తాడు, చూద్దాం అనుకున్నాడు.

ఆ సాయంత్రమే కబురు చెప్పడానికి తోమా ఇంటికి బయల్దేరాడు.

తోమా ఇంటి ముందు కోసిన తుంగ కట్టలు కట్టలుగా ఆరుతోంది. సూరమ్మ ఇంటి పక్క నీడలో కూర్చుని బుట్ట మూతకు గొళ్ళెం అల్లుతోంది. మాష్టారు మూల తిరిగి, అక్కడే ఆగిపోయాడు.

అల్లేది ఎడమచెయ్యి. తడి తుంగపోచను బొటనవేలితో అదిమి, ఒక్క విదిలింపుతో పురి తిప్పి, పై వరస కిందినుంచి దూర్చి లాగుతోంది. దూర్చడం, లాగడం, గోటితో వరసను సద్దడం, అన్నీ ఒకే ఊపులో జరిగిపోతున్నాయి. కుడిచెయ్యి బుట్టను కదలకుండా పట్టుకుని ఉందంతే. పిల్ల పని వంక చూడనేలేదు. గట్టెక్కుతున్న బాతుల్ని లెక్కపెట్టుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది.

బుట్టను ఏ చెయ్యి అల్లిందని ఇన్నాళ్ళూ మాష్టారు అడగలేదు. అడిగితే తెలుస్తుందని అడగలేదు. ఇప్పుడు తెలియనే తెలిసింది. ఏం చెయ్యాలి? రెండడుగులు వెనక్కి వేసి, గట్టిగా దగ్గి, అప్పుడే వస్తున్నట్టు మళ్ళీ మూల తిరిగాడు. కూనిరాగం ఆగిపోయింది. ఎడమచెయ్యి తొడకింద ఉంది. సగం అల్లిన గొళ్ళెం ఒళ్ళో పడి ఉంది.

"రండి మాష్టారండీ, కూచోండి," అని మరియమ్మ చెంగుతో పీట తుడిచి వేసింది. కబురు విని రెండు చేతులూ గుండెలమీద పెట్టుకుంది. "సీటు వత్తదంటారాండీ?"

"ఎందుకు రాదమ్మా? బుట్టకు వంక పెట్టేవాడు లేడు."

"బుట్ట సరేనండి. దాని చెయ్యే నా బెంగ. బజార్లో ఎడంచేత్తో గుడ్డు అందిత్తే పుచ్చుకోరండి. పొద్దున్నే ఎడంచెయ్యి చాపుతావా అని ఎనక్కి తిరిగెళ్ళిపోతారండి. తమరు మానిపించారు, మీ మేలు మరిచిపోం." అంటూనే ఆవిడ, పిల్ల ఒళ్ళో పడి ఉన్న గొళ్ళెం వైపు చూసి చటుక్కున తలదించుకుంది. "ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు ఎప్పుడన్నా..."

"అదంతా ఇప్పుడెందుకులే," అన్నాడు మాష్టారు గబుక్కున. పిల్ల వైపు తిరిగాడు. "సూరమ్మా, అక్కడ పెద్దలెవరైనా నీది ఏ చేతి వాటం అని అడిగితే ఏమంటావు?"

"కుడిచేతి వాటమండి."

"మళ్ళీ చెప్పు."

"నాది కుడిచేతి వాటమండి."

"శభాష్!" అన్నాడు. తోమా వచ్చేదాకా ఉండమని మరియమ్మ ఎంత చెప్పినా వినకుండా, పని ఉందని వెళ్ళిపోయాడు.

మూడో రోజున తెల్లవారగట్ల తోమా దోనె విప్పాడు. మాష్టారు ముందు కూర్చున్నాడు, మరియమ్మా సూరమ్మా మధ్యన. తోమా గెడ వేస్తుంటే దోనె తూటికాడల్లోంచి బరబరా దూసుకుపోయింది. సూరమ్మ బుట్టను ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. బోర్డింగులో పిల్లలందరికీ ఒకే రంగు పరికిణీలా అని అడిగింది. అక్కడ బాతులుంటాయా అని అడిగింది. "ఉండవమ్మా, పుస్తకాలుంటాయి," అన్నాడు మాష్టారు. రేవులో దిగి, దోనె దగ్గర తోమాను ఉంచి, మిగతావాళ్ళు ఎడ్లబండెక్కి ఏలూరు చేరేసరికి బాగా పొద్దెక్కింది.

ప్రదర్శనం కాలవ ఒడ్డున ఓ బడి హాల్లో పెట్టారు. బల్లలనిండా వస్తువులే. రంగువేసిన కొయ్యబొమ్మలు, పూసల తెరలు, కామవరపుకోట నుంచి వచ్చిన వెదురు చదువుబల్ల, తాడేపల్లిగూడెం పిల్లలు అట్టతో కట్టిన రైలు స్టేషను. వాటి మధ్య తుంగబుట్ట పల్లెటూరి చుట్టంలా కూర్చుంది. అయినా చూసేవాళ్ళు దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతున్నారు. గదుల్లో గుడ్లు పెడుతున్నారు, తీస్తున్నారు. "ఎవరు చేశారండీ?" అని అడుగుతున్నారు. మాష్టారు ఎవరడిగినా, "మా సూరమ్మండీ" అని చెబుతున్నాడు.

మధ్యాహ్నం పరీక్షకులు వచ్చారు. కోదండరామయ్యగారూ, బోర్డింగు పెద్ద ప్రభావతమ్మగారూ. కోదండరామయ్యగారు మెత్తగా మాట్లాడే మనిషి. బుట్టను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మూత తెరిచి, గదుల్లో వేలు పెట్టి, చాలాసేపు చూశారు.

"చాలా బాగుందండి సత్యానందంగారూ. అంత బాగుండడమే నా అనుమానం. ఏమీ అనుకోకండి. కిందటేడు ఒకచోట వడ్రంగి చేత బండి చేయించి పిల్లవాడి పేరు తగిలించారు. వాడికి ఉలి పట్టుకోవడమే రాదు. అందుకని ఈ ఏడు అందరినీ మా కళ్ళెదుట చేసి చూపించమంటున్నాం. ఏమ్మా, ఒక్క వరస అల్లి చూపిస్తావా?"

ప్రదర్శనానికని తెచ్చిన తడి తుంగ ఉండనే ఉంది. సూరమ్మ కింద కూర్చుంది. ఎడమచెయ్యి తొడకింద పెట్టుకుని, కుడిచేత్తో ఓ పోచ తీసింది.

బొటనవేలు అదమవలసిన చోట అదమలేదు. పురి తిప్పితే విడిపోయింది. ఒంటిచేత్తో మళ్ళీ తిప్పి, దాన్ని దూర్చబోతే పోచ మడతపడి విరిగింది. ఇంకోటి తీసింది. బుట్టను మోకాళ్ళతో నొక్కిపట్టి మళ్ళీ దూర్చింది. దూరింది గాని లాగేసరికి పై వరసతో సహా ఊడి వచ్చింది. పిల్ల పెదవి కొరుక్కుంది. చుట్టూ జనం చేరారు. మూడో పోచ తీసి, తలెత్తి మాష్టారి వంక చూసింది.

అనవలసిన మాట మాష్టారికి తెలుసు. ఎడంచేత్తో అల్లమ్మా, అంటే చాలు. కాని ఎదురుగా నిలబడ్డది ఎవరు? సరిదిద్దవలెను అన్నవారే. సరిదిద్దబడినది అని తను రాసింది ఆయనకే. ఉద్యోగం ఖాయం కావలసింది ఆయన సంతకంతోనే. ఆ పిల్ల అలా చూస్తుంటే మాష్టారుగారు హాలు దూలాల వంక చూస్తూ నిలబడ్డారు! దూలాల్లో ఏముంది చూడ్డానికి? సిగ్గులేకపోతే సరి.

"ఇది ఎవరు అల్లారమ్మా?" అన్నారు కోదండరామయ్యగారు, ఇంకా మెత్తగానే. "నాన్నా, అమ్మా? నిజం చెప్పు, నిన్నేమీ అనను."

"నేనేనండి."

"మరి ఇప్పుడు రాలేదేం?"

సూరమ్మ విరిగిన పోచల్ని కుడిచేత్తో ఏరుకుంటోంది. ఆయన నిట్టూర్చి, ఓ చీటీమీద "పెద్దలచే చేయబడినది" అని ఎర్రసిరాతో రాసి బుట్టమీద పెట్టి, పక్క బల్లకు వెళ్ళిపోయారు. జనంలో ఎవరో నవ్వారు. ప్రభావతమ్మగారు ఒకసారి వెనక్కి తిరిగి చూశారు.

మరియమ్మ పిల్లను రెక్కపట్టుకుని వరండాలోకి తీసుకుపోయింది. మాష్టారు బుట్టను తీసుకుని వెనకాలే వెళ్ళాడు. ఆ చీటీ తీసెయ్యడానికి కూడా చెయ్యి రాలేదు అతనికి. మరియమ్మ కళ్ళొత్తుకుంటోంది. సూరమ్మ ఏడవలేదు. వరండాలో చతికిలబడి, ఊడిపోయిన వరస వంక చూస్తూ కూర్చుంది.

"ఒక్కసారి ఆ ఎడంచెయ్యి తీస్తే ఏం పోయేది సూరమ్మా?" అన్నాడు మాష్టారు. అనడానికి నోరెలా వచ్చిందో!

సూరమ్మ ఆశ్చర్యంగా చూసింది.

"తీస్తే మీరు రాసింది అబద్ధమైపోద్ది గదండీ."

"ఏం రాశాను?"

"పుస్తకంలోనండి. సరిదిద్దబడినది అని. నాకు చదివి చెప్పారు గదండీ. ఆయనగారు చూత్తే మిమ్మల్ని ఏదన్నా అంటారని." ఊడిన పోచను లోపలికి తోస్తూ, "సీటు రాదాండీ ఇంక?" అని అడిగింది.

మాష్టారికి ఒళ్ళంతా మండిపోయింది, ఎవరిమీదో కాదు, తనమీదే. బుట్టను పిల్ల పక్కన పెట్టి, విసురుగా హాల్లోకి వెళ్ళాడు. కోదండరామయ్యగారు అట్ట రైలు స్టేషను ముందు నిలబడి ఉన్నారు.

"అయ్యా, తమ కలం ఒకసారి ఇప్పించండి."

అక్కడే ప్రదర్శనం జాబితా వెనకవైపు తిప్పి నిలబడే రాశాడు. నేను అక్టోబరులో రాసింది అబద్ధం. సూరమ్మది ఎడమచేతి వాటమే. నెల్లాళ్ళు ఆ చెయ్యి నేను గుడ్డతో కట్టి ఉంచాను, తరవాత దానిమీద కూర్చోబెట్టాను. బుట్ట ఆ చెయ్యే అల్లింది, నేను చూశాను. ఇందాక తమరి ముందు చెప్పకుండా దాచాను. సంతకం పెట్టి ఇచ్చాడు.

కోదండరామయ్యగారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మాష్టారూ, ఇది నా చేతికిచ్చాక నేను దాచలేను. మీ ఉద్యోగం కాగితాలు ఈ వారమే నా బల్లమీదికొచ్చాయి."

"తెలుసండి."

"పైగా ఇది నిజమో, పిల్లకు బహుమతి ఇప్పించడానికి పన్నిన ఉపాయమో నాకెలా తెలుస్తుంది?"

"ఎడంచేత్తో అల్లించి చూడండి. అంతకంటే ఏం చెప్పనండీ!"

"రండి, చూద్దాం," అన్నారు ప్రభావతమ్మగారు, అప్పటికే వరండా వైపు నడుస్తూ.

పెద్దలు రావడం చూసి సూరమ్మ లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది. చెయ్యి మామూలుగా కిందికి పోయింది. మాష్టారు ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"సూరమ్మా, ఎడంచేత్తో అల్లమ్మా. నేనే చెబుతున్నాను."

సూరమ్మ అతని ముఖంలోకి చూసింది. తరవాత కోదండరామయ్యగారి వైపు చూసింది. "నాది కుడిచేతి వాటమండి," అంది గట్టిగా.

"కాదు తల్లీ, నేను వారికి అంతా చెప్పేశాను. రాసి కూడా ఇచ్చాను. నన్నెవరూ ఏమీ అనరు."

"కుడిచేతి వాటమేనండి."

"సూరమ్మా!" అని మాష్టారు ఆ చెయ్యి పైకి తీద్దామని మోచెయ్యి పట్టుకున్నాడు. పిల్ల బిగుసుకుపోయింది. కళ్ళు గట్టిగా మూసుకుని, బరువంతా ఆ చేతిమీదే వేసి కూర్చుంది. "తియ్యనండి, నేను తియ్యనండి. నాకు మానిపోయిందండి," అంటోంది.

"వదలండి మాష్టారూ, వదలండి!" అన్నారు ప్రభావతమ్మగారు.

వదిలేశాడు. కోదండరామయ్యగారు చేతిలో కాగితం మడిచి, "ఆ పిల్ల మీకంటే గట్టిగా చెబుతోందండి," అన్నారు.

మాష్టారు పిల్లను చూస్తూ ఉండిపోయాడు. సూరమ్మ కళ్ళు తెరిచింది. ఇన్‌స్పెక్టరుగారి వైపు గాని, బోర్డింగు పెద్దమ్మగారి వైపు గాని చూడడం లేదు. మాష్టారి రెండు చేతుల వంకే చూస్తోంది. అవి ఎటు కదిలితే చూపు అటు కదులుతోంది.

అతను లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేనుండగా తియ్యదండి," అన్నాడు. "నేను బయటికి పోతాను. మీరే మెల్లిగా అడగండి. ఏమీ అడక్కపోయినా సరే, తుంగ దగ్గర పెట్టి ఊరుకోండి."

మెట్లు దిగి, ఆవరణ దాటి, గేటు తీసుకుని రోడ్డుమీదికి వచ్చేశాడు. వెనక్కి తిరిగి చూడలేదు. రోడ్డు దాటి కాలవగట్టు మీద నిలబడ్డాడు. ఎండుగడ్డి వేసుకుని ఓ పడవ పోతోంది. గట్టున ఇద్దరు మనుషులు తాడు పట్టి లాగుతున్నారు. వాళ్ళు కనుచూపు దాటిపోయారు. ఇంకో పడవ వచ్చింది. లోపల ఏం జరుగుతోందో తెలియదు. ఆ పిల్ల తియ్యకపోతే? ఇంక ఎప్పటికీ తియ్యకపోతే? నెల్లాళ్ళు కట్టింది తనే కదా. అంత జాగ్రత్తగా, అంత ఓపిగ్గా కట్టాడు. నొప్పిపుట్టకుండా కూడాను.

"మాష్టారండీ! మాష్టారండీ!"

మరియమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆయాసంతో మాట రావడం లేదు.

"మీరు గేటు దాటేదాకా చూసిందండి. దాటాక కూడా మళ్ళీ వత్తారేమోనని కాసేపు చూసిందండి. అప్పుడు మెల్లిగా తీసిందండి చెయ్యి. ముందు పోచ వణికిందండి. తరవాత మరింక చూసుకోండి! ఊడిన వరసంతా అల్లేసిందండి. ఆయనగారు ఆ చీటీ చింపేశారండి. మీ కాయితం మటుకు జేబులో పెట్టుకున్నారండి."

"సీటు?"

"మొదటి బహుమతి దానికేనంటండి, జూన్లో పెట్టే బేడా సద్దుకుని తీసుకు రమ్మన్నారండి పెద్దమ్మగారు!" అని మరియమ్మ ఏడ్చేసింది.

మాష్టారికీ కళ్ళు చెమర్చాయి. "పిల్ల ఏం చేస్తోంది?"

"ఇంకా అల్లుతానే ఉందండి. చాల్లే లేవే అంటే లేవదు. పాట కూడా తీత్తంది. రండి, చూద్దురుగాని."

సత్యానందం గబగబా రోడ్డు దాటాడు. గేటు దగ్గరికి వచ్చి, గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. వేసి ఆగిపోయాడు.

"రండి మాష్టారండీ, ఏం?"

"మీరు వెళ్ళండి మరియమ్మా," అన్నాడు. "నేనొస్తే ఆపేస్తుంది."

గొళ్ళెం వదిలేసి, మళ్ళీ వెళ్ళి కాలవగట్టు మీద కూర్చున్నాడు.